నీరు అందుతుందా, కరెంటు అందుతుందా? అణు కేంద్రాల భద్రతపై పాఠకుల ప్రశ్నలు

జపాన్‌లో 2011 మార్చి 11న జరిగిన ఫుకుషిమా డైచీ అణు విద్యుత్ కేంద్ర ప్రమాదంపై గత నెల ప్రచురించిన చిన్న వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినవే ఎక్కువ. రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉంది కనుక ఆ ఆందోళన సహజమే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఏడు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. అణు విద్యుత్తు కావాలా, వద్దా అన్న చర్చను ఈసారి ఎత్తుకోవడం లేదు. ఉన్న కేంద్రాలూ, రాబోయే కేంద్రాలూ అంతటి విపత్తు వచ్చినా నిలబడాలంటే ఏం చేయాలన్నదే ఈ నెల విషయం.

ప్రశ్న: భూకంపం రాగానే ఫుకుషిమా రియాక్టర్లు వాటంతట అవే ఆగిపోయాయని రాశారు. పొయ్యి ఆర్పేస్తే గిన్నె చల్లారాలి కదా, ఆగిపోయిన రియాక్టర్ ఎలా కరిగిపోయింది?
– ఇంటర్మీడియట్ విద్యార్థిని, రణస్థలం

జవాబు: అమ్మా, గ్యాస్ పొయ్యిని కాకుండా కట్టెల పొయ్యిని తలచుకోండి. మంట ఆర్పినా లోపల నిప్పులు చాలాసేపు కణకణలాడుతూనే ఉంటాయి. రియాక్టర్‌లోకి నియంత్రణ కడ్డీలు దూసుకుపోగానే యురేనియం పరమాణువులు చీలే ప్రక్రియ, అంటే విచ్ఛిత్తి, ఆగిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు భూకంపం వచ్చినప్పుడు, నడుస్తున్న మూడు రియాక్టర్లలోనూ ఇది సరిగానే జరిగింది. కాని అప్పటికే విచ్ఛిత్తి వల్ల పుట్టిన అయోడిన్, సీజియం వంటి రేడియోధార్మిక మూలకాలు క్షీణిస్తూ, వేడిని వెదజల్లుతూనే ఉంటాయి. ఆ వేడిని ఆపడానికి మీట ఏదీ లేదు. నీటితో తీసేయడమొక్కటే మార్గం.

ఆ వేడి ఎంత ఉంటుందో లెక్క వేసి చూద్దాం. ఫుకుషిమా రెండో, మూడో యూనిట్లలో ఒక్కొక్క రియాక్టర్ ఉష్ణ సామర్థ్యం 2381 మెగావాట్లు. ఆగిన క్షణంలో అందులో 6 నుంచి 7 శాతం వేడి మిగిలి ఉంటుంది, అంటే సుమారు 150 మెగావాట్లు. గంట గడిచేసరికి అది ఒకటిన్నర శాతానికి, ఒక రోజు గడిచేసరికి అర శాతానికి దిగుతుంది. అర శాతమంటే చిన్న సంఖ్యగా కనిపిస్తుంది కాని, అది దాదాపు 12 మెగావాట్లు. ఆ వేడి గంటకు సుమారు 16 టన్నుల నీటిని ఆవిరి చేయగలదు. మన ఊళ్లలో తిరిగే 5000 లీటర్ల ట్రాక్టరు ట్యాంకరుతో కొలిస్తే, రియాక్టర్ ఆగి ఒక రోజు గడిచాక కూడా సుమారు ప్రతి 20 నిమిషాలకు ఒక ట్యాంకరు నీరు లోపలికి పోవాలి. పోకపోతే నీటిమట్టం తగ్గుతుంది, ఇంధన కడ్డీలు బయటపడతాయి, వేడెక్కుతాయి, చివరకు కరుగుతాయి. ఫుకుషిమాలో ఒకటి, రెండు, మూడు యూనిట్లలో జరిగింది ఇదే.

ప్రశ్న: అన్ని డీజిల్ జనరేటర్లు ఉండి కూడా కరెంటు లేకుండా పోవడమేమిటి? ఆ తరువాత ప్రపంచంలో మిగతా కేంద్రాలవారు ఏం మార్చుకున్నారు?
– విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

జవాబు: బయటి నుంచి వచ్చే ఆరు విద్యుత్ లైన్లూ భూకంపంతోనే పోయాయి. వెంటనే డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాల తరువాత సునామీ వచ్చింది. ఒకటి నుంచి నాలుగు యూనిట్లున్న ప్రాంగణం సముద్రమట్టానికి 10 మీటర్ల ఎత్తున ఉండగా, నీరు 14, 15 మీటర్ల దాకా లేచింది. జనరేటర్లలో ఎక్కువ భాగం టర్బైన్ భవనాల నేలమాళిగల్లో ఉండి మునిగిపోయాయి. రెండో, నాలుగో యూనిట్లకు గాలితో చల్లబడే జనరేటర్లు ఒక్కొక్కటి మరో భవనంలో ఉన్నాయి, అవి చెడలేదు. అయినా వాటి కరెంటును తీసుకుని పంచిపెట్టవలసిన స్విచ్‌గేర్ ప్యానెళ్లు నేలమాళిగలో ఉండి నీటి పాలయ్యాయి. జన్మంతా సబ్‌స్టేషన్లతో గడిపిన మీకు దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. జనరేటర్ బాగున్నా, కరెంటును పంచే లోహపు పట్టీ, అంటే బస్‌బార్, మునిగితే అది ఉన్నట్టా, లేనట్టా? ఆరో యూనిట్‌కు చెందిన ఒకే ఒక్క జనరేటర్ మిగిలింది. గాలితో చల్లబడేది, కాస్త ఎత్తున ఉన్నది కావడం వల్ల అది బతికి, ఐదో యూనిట్‌ను కూడా ఆదుకుంది. ఆ రెండు రియాక్టర్లూ క్షేమంగా చల్లారాయి.

మొదటి యూనిట్ కంట్రోల్ రూమ్‌లో ఆ సాయంత్రం ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. బ్యాటరీలు కూడా తడిసిపోవడంతో దీపాలు ఆరిపోయాయి, మీటర్ల ముళ్లు కదలడం మానేశాయి. రియాక్టర్‌లో నీరు ఎంత ఉందో, ఏ వాల్వ్ తెరిచి ఉందో, ఏది మూసి ఉందో తెలియదు. ఆపరేటర్లు టార్చిలైట్ల వెలుగులో, కార్ల నుంచి ఊడదీసి తెచ్చిన బ్యాటరీలకు వైర్లు తగిలించి, ఒక్కొక్క మీటర్‌ను మేల్కొలిపి అంకెలు రాసుకున్నారు. మిగతా యూనిట్లలో మరో చిక్కు వచ్చింది. రియాక్టర్ లోపలి పీడనం తగ్గితే తప్ప ఫైరింజన్ పంపు నీటిని లోపలికి తోయలేదు. పీడనం తగ్గించే వాల్వ్ తెరుచుకోవాలంటే 120 వోల్టులు కావాలి. అంటే 12 వోల్టుల కారు బ్యాటరీలను పదింటిని వరుసగా కలపాలి. ఆ పని చేసినవాళ్లు తమ కుటుంబాలు సునామీలో ఏమయ్యాయో తెలియని స్థితిలో చేశారన్నది మనం మరిచిపోకూడదు.

ఇంత శ్రమపడి ఫైరింజన్లతో పంపిన నీటిలో కూడా కొంత భాగం రియాక్టర్‌ను చేరలేదు. దారి మధ్యలో మూయని పక్క గొట్టాల గుండా వేరే చోటికి పోయిందని తరువాత తేలింది. పొలానికి నీరు పెట్టేటప్పుడు మడవ కట్టకపోతే కాలువ నీరు పక్క చేలోకి పోయినట్టే ఇది. ప్రమాదం తరువాత వచ్చిన మార్పులన్నిటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఇక్కడి నుంచే పుట్టింది. భవనం బయటి గోడకు, సులువుగా చేరుకోగల చోట, నేరుగా రియాక్టర్‌కో, దాని వేడితో ఆవిరి తయారుచేసే పాత్రలైన ఆవిరి జనరేటర్లకో, వాడిన ఇంధనపు కొలనుకో నీరు పంపే గొట్టపు మూతిని ముందే అమర్చి ఉంచడం. ఏ ట్యాంకరు, ఏ పంపు వచ్చినా దానికి పట్టే కప్లింగ్ ఉండాలి. మోటారు ఉండి, పైపు ఉండి, కప్లింగ్ సైజు కుదరక పంట ఎండిపోయిన రైతుకు దీని విలువ తెలుసు.

అమెరికాలో ప్రతి కేంద్రమూ ఎక్కడికైనా తరలించగల పంపులను, జనరేటర్లను సురక్షితమైన చోట్ల నిలవ చేసుకుంది. అవి చాలకపోతే మెంఫిస్, ఫీనిక్స్ నగరాల్లోని రెండు ఉమ్మడి గిడ్డంగుల నుంచి 24 గంటల్లో అదనపు సామగ్రి చేరేలా ఏర్పాటు చేశారు. ఫ్రాన్స్‌లో ప్రతి రియాక్టర్‌కు, మిగతావన్నీ పోయినా నడవవలసిన అదనపు డీజిల్ జనరేటర్‌ను గట్టి కట్టడంలో విడిగా పెట్టారు. ఏ కేంద్రానికైనా 24 గంటల్లో మనుషులతో, సామగ్రితో వెళ్లే అత్యవసర దళాన్ని తయారు చేసుకున్నారు. జపాన్‌లో కరెంటు సరఫరా చేసే జనరేటర్ వాహనాలను, పంపులను ఎత్తైన చోట్ల నిలిపారు.

సామగ్రి ఒక్కటే చాలదని చెప్పడానికి ఫుకుషిమా డైచీకి దక్షిణాన కొద్ది దూరంలో ఉన్న ఫుకుషిమా డైని చాలు. అక్కడ ఒక బయటి విద్యుత్ లైను మిగిలింది కాని, సముద్రం పక్కనున్న పంపుల మోటార్లు చెడిపోయి నాలుగింటిలో మూడు రియాక్టర్లను చల్లబరిచే దారి మూసుకుపోయింది. కేంద్రాధిపతి నవోహిరో మసుదా తెల్లబోర్డు మీద తమకు తెలిసింది, తెలియనిది రాస్తూ, పరిస్థితి మారినప్పుడల్లా సిబ్బందికి వివరిస్తూ, పనిని మళ్లీ మళ్లీ మార్చుకుంటూ నడిపించారు. మామూలుగా యంత్రాలతో వారాలు పట్టే పనిని, సుమారు 200 మంది బరువైన కేబుల్‌ను భుజాల మీద మోసి, దాదాపు 9 కిలోమీటర్ల పొడవున, రెండు రోజులు నిండకుండానే పరిచారు. మార్చి 15 నాటికి నాలుగు రియాక్టర్లూ చల్లారాయి.

ప్రశ్న: పేలిపోయింది అణుబాంబు లాంటిదా, మరొకటా? దానికి విరుగుడు కనిపెట్టారా?
– రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: పేలినది హైడ్రోజన్ వాయువు. ఇంధన కడ్డీల తొడుగును జిర్కోనియం మిశ్రలోహంతో చేస్తారు. మన దేశపు కేంద్రాల కోసం ఆ తొడుగులు తయారయ్యేది హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలోనే. 1200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి వేడెక్కిన జిర్కోనియం, నీటి ఆవిరిలోని ఆక్సిజన్‌ను వేగంగా లాగేసుకుంటుంది, హైడ్రోజన్ మిగులుతుంది. అది రియాక్టర్ చుట్టూ ఉండే గట్టి కవచం నుంచి బయటి భవనంలోకి చేరి మార్చి 12న మొదటి యూనిట్‌లో, 14న మూడో యూనిట్‌లో పేలింది. 15న పేలిన నాలుగో యూనిట్ రియాక్టర్‌లో అప్పుడు ఇంధనమే లేదు. మూడో యూనిట్ వాయువు ఉమ్మడి గొట్టం గుండా వెనక్కు వచ్చి అక్కడ చేరింది. మొదటి పేలుడులో అప్పుడే పరిచిన విద్యుత్ కేబుళ్లు దెబ్బతిని, ఎంతో శ్రమ వృథా అయింది.

విరుగుడు ఉంది. ప్లాటినం, పల్లాడియం వంటి ఉత్ప్రేరకం పూసిన పలకల పెట్టెలను కవచం లోపల అమరుస్తారు. హైడ్రోజన్ వాటిని తాకగానే ఆక్సిజన్‌తో కలిసి నీరైపోతుంది, కరెంటుతో పని లేదు. దానికి తోడు, కవచంలో పీడనం మితిమీరినప్పుడు గాలిని వడపోతల గుండా, రేడియోధార్మికత చాలావరకు ఆగిపోయేలా బయటకు వదిలే ఏర్పాటు కూడా ఇప్పుడు అనేక దేశాల్లో ఉంది.

ప్రశ్న: సముద్రం వైపు ఎత్తైన గోడ కట్టేస్తే సరిపోయేది కదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: గోడ అవసరమే. జపాన్‌లోని హమావొకా కేంద్రం ముందు ఇప్పుడు 22 మీటర్ల గోడ నిలబడి ఉంది. అయితే ఎంత ఎత్తు కట్టాలో నిర్ణయించేది ఎవరు, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించేది ఎవరు అన్నదే ఫుకుషిమా మన ముందు పెట్టిన అసలు ప్రశ్న.

ఫుకుషిమా డైచీ కట్టిన చోట మొదట 30 మీటర్లకు మించి ఎత్తున్న కొండగట్టు ఉండేది. దాన్ని తొలిచి 10 మీటర్లకు దించి కేంద్రం కట్టారు. దిగువన ఉంటే గట్టి రాతి పునాది దొరుకుతుంది, సముద్రపు నీటిని పైకి తోడే ఖర్చు తగ్గుతుంది. కేంద్రాన్ని నడిపే టెప్కో, అంటే టోక్యో విద్యుత్ కంపెనీ, 2002లో లెక్కలోకి తీసుకున్న సునామీ ఎత్తు 5.7 మీటర్లు. 2008లో ఆ కంపెనీలోనే జరిగిన ఒక అంచనా ప్రకారం 15.7 మీటర్ల సునామీ రావచ్చని తేలింది. ఆ అంచనా మీద ఏ కట్టడమూ మొదలు కాలేదు, మరింత అధ్యయనం కావాలంటూ పక్కకు పోయింది. 10 మీటర్లు మించగల సునామీ గురించి నియంత్రణ సంస్థకు కంపెనీ వివరించినది 2011 మార్చి 7న, అంటే ప్రమాదానికి నాలుగు రోజుల ముందు. ఈ వరుస చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. అంకె వారి చేతిలోనే ఉంది, మూడేళ్లుగా ఉంది.

ఇదే సముద్రతీరాన, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా కేంద్రం నిలబడింది. 14.8 మీటర్ల ఎత్తున కట్టాలని తోహోకు విద్యుత్ సంస్థకు చెందిన యనోసుకె హిరాయ్ అనే ఇంజనీరు, అంత అక్కరలేదన్న మాటలను కాదని పట్టుబట్టారు. 869వ సంవత్సరంలో ఆ తీరాన్ని ముంచిన జోగన్ సునామీని ఆయన లెక్కలోకి తీసుకున్నారు. 2011లో భూకంపంతో అక్కడి నేల ఒక మీటరు కుంగింది, సునామీ 13 మీటర్ల దాకా వచ్చింది, కేంద్రం మునగలేదు. ఇళ్లు పోగొట్టుకున్న చుట్టుపక్కల వారు 300 మందికి పైగా వచ్చి ఆ కేంద్రం వ్యాయామశాలలోనే తలదాచుకున్నారు.

కియోషి కురొకావా అధ్యక్షతన జపాన్ పార్లమెంటు వేసిన స్వతంత్ర సంఘం 2012 జూలైలో ఇది మనుషులు తెచ్చిపెట్టిన విపత్తే అని తేల్చింది. నియంత్రించవలసిన సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖ కిందే పనిచేసిందని, కంపెనీలకు లొంగిపోయిందని విమర్శించింది. ఆ సంస్థను రద్దు చేసి 2012 సెప్టెంబరులో కొత్త నియంత్రణ మండలిని ఏర్పాటు చేశారు. 2013 జూలైలో వచ్చిన కొత్త ప్రమాణాలు పాత రియాక్టర్లకు కూడా వర్తిస్తాయి, వాటిని అందుకోనిదే తిరిగి నడపడానికి వీలులేదు. ఆ మండలి 2024 నవంబరులో త్సురుగా రెండో యూనిట్‌కు, దాని కింద చురుకైన భూభ్రంశం, అంటే భూకంపం పుట్టించగల నేల పగులు, ఉండే అవకాశాన్ని కాదనలేమంటూ అనుమతి నిరాకరించింది. వద్దు అనగల ధైర్యం, అధికారం ఉన్న సంస్థ ఒకటి ఉండడం ఏ గోడకైనా ముందు కావలసిన రక్షణ అని నా నమ్మకం.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి పరిస్థితి ఎప్పుడైనా వచ్చిందా? వస్తే ఎదుర్కొనే ఏర్పాట్లు ఉన్నాయా?
– గృహిణి, సికింద్రాబాద్

జవాబు: కరెంటు పూర్తిగా పోయిన పరిస్థితి ఫుకుషిమాకు 18 ఏళ్ల ముందే మన దగ్గర వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో 1993 మార్చి 31 తెల్లవారుజామున మొదటి యూనిట్ టర్బైన్ బ్లేడ్లు రెండు విరిగిపోయాయి. ఆ విసురుకు యంత్రం అదిరి, జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటపడి అంటుకుంది. మంటలు కేబుళ్ల వెంట పాకాయి. అసలు సరఫరా కేబుళ్లు, అత్యవసర సరఫరా కేబుళ్లు తగినంత ఎడం లేకుండా పరిచి ఉండడంతో రెండూ కాలిపోయాయి. పొగ నిండి ఆపరేటర్లు కంట్రోల్ రూమ్ విడిచిపెట్టవలసి వచ్చింది. 17 గంటల పాటు ఆ యూనిట్‌లో కరెంటు లేదు.

రియాక్టర్ ఆగింది కాని, ఆగినది ఆగినట్టే ఉండాలి. అందుకోసం కొందరు ఆపరేటర్లు చేతిలో టార్చిలైట్లతో రియాక్టర్ భవనం పైకి ఎక్కి, విచ్ఛిత్తిని అణచిపెట్టే బోరాన్ ద్రావణం దానంతటదే కిందకు దిగేలా వాల్వులను చేత్తో తిప్పి తెరిచారు. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో ఆవిరి జనరేటర్లకు నీరు ఎక్కించారు. వేడి నీరు పైకి, చల్లని నీరు కిందకు పోయే సహజ ప్రసరణతో రియాక్టర్ చల్లారింది. అణు ఇంధనానికి హాని జరగలేదు. తరువాత మన కేంద్రాల్లో టర్బైన్ బ్లేడ్ల రూపకల్పన మారింది, కేబుళ్లను వేరు చేశారు, వాటికి అగ్నినిరోధక ఏర్పాట్లు చేశారు. నరోరాలో పనిచేసిన మనుషుల తెగువను ఎంత పొగిడినా తక్కువే. అదే సమయంలో, కేబుళ్ల ఎడం గురించిన లోపం మంటలు వచ్చేదాకా అలాగే ఉండిపోయిందన్నది కూడా మనం గుర్తుంచుకోవాలి.

రెండో సంఘటన 2004 డిసెంబరు 26 నాటిది. తమిళనాడులోని కల్పాక్కంలో సునామీ నీరు పంపు హౌస్‌లోకి పోటెత్తి, టర్బైన్ నుంచి వచ్చే ఆవిరిని తిరిగి నీరుగా మార్చే కండెన్సర్‌ను చల్లబరిచే పంపులు ఆగిపోయాయి. నడుస్తున్న రెండో యూనిట్‌ను ఆపరేటర్లు సురక్షితంగా ఆపారు. కేంద్రం నిలిచింది కాని ఉద్యోగులు నివసించే కాలనీలో ప్రాణాలు పోయాయి. ఆ విషాదం తరువాతే హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్‌లో, 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. మన తూర్పు తీరానికి సునామీ పుట్టించగల సుమత్రా, అండమాన్ భూకంప మండలం దూరంగా ఉంది. 2004లో అలలు కల్పాక్కం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఫుకుషిమాకు దొరికింది గంటకన్నా తక్కువ. భౌగోళికంగా మనకున్న వెసులుబాటు ఇది, కాని హెచ్చరిక అందుకున్నవాళ్లు ఏం చేయాలో ముందే తెలిసి ఉంటేనే అది పనికివస్తుంది.

ఫుకుషిమా తరువాత అణుశక్తి నియంత్రణ మండలి, కేంద్రాలను నడిపే ఎన్‌పీసీఐఎల్ విడివిడిగా సమీక్షలు జరిపించాయి. బయటి నుంచి నీరు ఎక్కించే గొట్టపు మూతులు, తరలించగల డీజిల్ పంపులు, తీవ్ర భూకంపం వస్తే రియాక్టర్ దానంతటదే ఆగే ఏర్పాటు, హైడ్రోజన్‌ను నీరుగా మార్చే పెట్టెలు, ప్రతి కేంద్రంలో విపత్తును తట్టుకునే అత్యవసర సహాయ కేంద్రం వంటివి ఆ సమీక్షల నుంచి వచ్చినవే. కూడంకుళంలో కరెంటు లేకుండా గాలితోనే వేడి తీసే వ్యవస్థ, కరిగిన ఇంధనాన్ని పట్టి ఉంచే పాత్ర మొదటి నుంచీ ఉన్నాయి. గుజరాత్‌లోని కాక్రాపార్‌లో కట్టిన కొత్త 700 మెగావాట్ల రియాక్టర్లలో కూడా కరెంటు అవసరం లేకుండా వేడిని తొలగించే ఏర్పాటు ఉంది.

నియంత్రణ సంస్థ స్వతంత్రత విషయంలో మాత్రం మనం ఆలస్యం చేశాం. 1983లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడిన మండలికి చట్టబద్ధమైన స్వతంత్ర ప్రతిపత్తి లేదని 2012లో కాగ్ నివేదిక తప్పుపట్టింది. 2011లో పార్లమెంటులో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. పంపులు కొన్నంత త్వరగా ఈ పని కూడా జరిగి ఉండవలసింది.

ప్రశ్న: మా అత్తగారికి ఎనభై ఏళ్లు, మంచం మీదే ఉంటారు. ప్రమాదం జరిగితే ఇలాంటివారిని ఎలా తరలిస్తారు?
– పాఠకురాలు, లావేరు

జవాబు: ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది మీ ఉత్తరం. ఫుకుషిమాలో రేడియోధార్మికత సోకి ఆ రోజుల్లోనే మరణించినవారు లేరు. కాని తరలింపు వల్ల, ఆ తరువాతి అలసట, మందులు అందకపోవడం, ఊరుగాని ఊళ్లో బతుకు వల్ల ఫుకుషిమా రాష్ట్రంలో మరణించినవారు 2000 మందికి పైగా ఉన్నారు. వారిలో అత్యధికులు వృద్ధులు. కేంద్రానికి దగ్గరలోని ఒక ఆసుపత్రి నుంచి మంచం పట్టిన రోగులను తగిన వైద్య సిబ్బంది లేకుండా బస్సుల్లో గంటల తరబడి తిప్పారు. ఆ తరలింపులోనూ, దాని వెంటనే వచ్చిన రోజుల్లోనూ వారిలో సుమారు 40 మంది కన్నుమూశారు.

తరలింపు పరిధి ఒక్క రోజులో 3 కిలోమీటర్ల నుంచి 10కి, అక్కడి నుంచి 20కి పెరిగింది. ప్రజలకు సమాచారం అందలేదు. నమియె పట్టణవాసులు చాలామంది వాయవ్యంగా త్సుషిమా ప్రాంతానికి వెళ్లి తలదాచుకున్నారు. గాలి రేడియోధార్మిక మేఘాన్ని తీసుకుపోయింది ఆ వైపే. గాలి ఎటు పోతుందో అంచనా వేసే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉన్నా, దాని ఫలితాలు వారికి సమయానికి చేరలేదు.

అందువల్ల ఇప్పుడు నిపుణులు అందరినీ ఒకేసారి పరుగెత్తించడం కన్నా, కదల్చడం ప్రాణాపాయమయ్యేవారిని మందమైన గోడలున్న భవనాల్లో, గాలి వడపోతలతో కొద్ది రోజులు ఉంచి, తగిన అంబులెన్సులు వచ్చాక తరలించాలని సూచిస్తున్నారు. జపాన్‌లో కేంద్రాలకు దగ్గరగా ఉన్న కొన్ని ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలను ఇందుకు తగినట్టు మార్చారు. మన దేశంలో కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక ఉంటుంది, కేంద్రం ఆవల దాన్ని అమలు చేసే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. అలాంటి ప్రణాళికలో ఊరి పేర్లు, బస్సుల సంఖ్య ఉంటే చాలదు. మంచం పట్టినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలుసు. ఆ జాబితా ప్రణాళికలో చేరాలి, ప్రతి ఏటా సరిచూడాలి. అత్తగారు రోజూ వాడే మందులు వారానికి సరిపడా ఒక సంచిలో విడిగా ఉంచుకోవడం తుపానుకైనా పనికివచ్చే జాగ్రత్త.

ప్రశ్న: కొవ్వాడలో ఎలాంటి రియాక్టర్లు పెడతారట? మేం వేటకు పోయేవాళ్లం, అధికారులు వస్తే ఏం అడగాలి?
– మత్స్యకార యువకుడు, ఎచ్చెర్ల

జవాబు: ప్రతిపాదనలో ఉన్నవి అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏపీ1000 రకం రియాక్టర్లు, ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు. కవచం పైన పెద్ద నీటి తొట్టి ఉంటుంది. కరెంటు పూర్తిగా పోయినా ఆ నీరు బరువుతోనే కిందకు జారి, కవచం మీద పారి వేడిని తీసుకుపోతుంది. 72 గంటల వరకు ఆపరేటర్ చేయి వేయనక్కరలేదని ఆ రూపకల్పన చెబుతుంది. ఫుకుషిమాలో మొదటి యూనిట్ ఇంధనం కరగడం మొదలైంది కొన్ని గంటల్లోనే. ఆ లెక్కన మూడు రోజుల వ్యవధి గొప్ప మెరుగుదలే. ఈ రకం రియాక్టర్లు చైనాలోని సాన్‌మెన్‌లో 2018 నుంచి, అమెరికాలోని వోగ్ట్‌లేలో 2023 నుంచి విద్యుత్తు ఇస్తున్నాయి.

అయితే నాలుగో రోజు సంగతి అడగండి. పై తొట్టిని తిరిగి నింపే పంపు, డీజిల్, నీరు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ రోడ్డున వస్తాయి? ఈ ప్రశ్న మన తీరానికి ఊహాజనితం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం రోజుల తరబడి చీకట్లో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మీ జిల్లాలోనే ఉద్దానం వైపు స్తంభాలు, చెట్లు అడ్డంపడి ఊళ్లకు ఊళ్లు తెగిపోయాయి. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. అంతటి ఉప్పెన, దానిపైన పెద్ద అలలు, కుండపోత వాన, వాగుల పొంగు ఒకే రాత్రి వస్తే నీరు ఎంత ఎత్తుకు లేస్తుందని లెక్క వేశారో, ఆ లెక్క వేసింది ఎవరో, దాన్ని బయటి నిపుణులు పరిశీలించారో లేదో అడగండి. ఆరు రియాక్టర్లకూ ఒకేసారి ఆపద వస్తే మనుషులు, పంపులు ఆరింటికీ సరిపోతాయా అని కూడా అడగాలి. ఫుకుషిమాలో ఒక యూనిట్ పేలుడు పక్క యూనిట్ పనిని ఆపేసింది.

వేటకు పోయేవారిగా మీకే ప్రత్యేకమైన ప్రశ్న మరొకటి ఉంది. హెచ్చరిక వచ్చే సమయానికి సముద్రం మీద ఉన్న పడవలకు ఆ సంగతి ఎలా చేరుతుంది, అవి ఏ రేవుకు తిరిగి రావాలి? రోడ్డు మీద బస్సులు పెట్టే ప్రణాళికల్లో పడవలు తేలికగా మరుగున పడిపోతాయి. పర్యావరణ ప్రభావ నివేదిక పూర్తి పాఠాన్ని తెలుగులో, బహిరంగ విచారణకు చాలినంత ముందుగా పంచాయతీ కార్యాలయంలో ఉంచమని రాతపూర్వకంగా కోరండి. కేంద్రం వచ్చిన పక్షంలో మాక్ డ్రిల్లులు ఎండ కాసే ఉదయం పూట కాకుండా, ఒకసారైనా అక్టోబరు, నవంబరు నెలల్లో, చీకటి పడ్డాక, కరెంటు తీసేసి, మీ పడవలను కూడా కలుపుకుని జరపాలని అదే అర్జీలో రాయండి.